ఇసుక రాకుండా మూసిన కన్నం

ఇరవై నాలుగేళ్లు ఒమాన్‌లో ఏం పని చేశావని మా ఊళ్లో అడిగితే, ఇళ్లకు చక్రాలు బిగించి ఎడారిలోకి తోలేవాణ్ణని చెప్పేవాణ్ణి. నోరు తెరుచుకుని వినేవాళ్లు. కొన్ని ఇళ్లు ఎడారిలో దారి తప్పి, ఏడాది తర్వాత వాటంతట అవే తిరిగొచ్చి గ్యారేజీ ముందు హారన్ కొట్టేవని కూడా చెప్పాను. దానికీ తలలూపారు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక, బతాకా అనే రెసిడెంట్ కార్డు కంపెనీకి అప్పగించి, అల్ అమెరాత్ రూమ్‌లో పెట్టె సర్దుకుంటూ ఇది రాస్తున్నాను. నా తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్లు చదవాలని. కాబట్టి అబద్ధాలు తగ్గిస్తాను. పూర్తిగా మానేస్తానని మాట ఇవ్వలేను. ప్రాణాల సంగతి వచ్చిన చోట మాత్రం ఏమీ కలపను.

పని ఏమిటంటే

క్యాంపర్ వ్యాన్ అంటే చక్రాల మీద ఒక గది. వెనక ఎత్తైన మంచం, పక్కన రెండు మంటల పొయ్యి, పొయ్యి కింద చిన్న అల్మరా. బండి పక్కభాగంలో బయటి నుంచి మాత్రమే తెరిచే ఇనప డబ్బా, అందులో నిటారుగా నిలబెట్టి పట్టీతో కట్టిన ప్రొపేన్ సిలిండర్. ఆ సిలిండర్ నుంచి పొయ్యి దాకా గ్యాస్‌ను మర్యాదగా నడిపించడమే నా డ్యూటీ.

పైపులు వంచడం, జాయింట్లు బిగించడం నేర్చుకుంటే పని వచ్చేసిందని కొత్తవాళ్లు అనుకుంటారు. అది నాలుగు నెలల్లో వస్తుంది. త్వరగా రానిది ఇంకొకటుంది: కంటికి కనపడని దాన్ని కనపడుతున్నట్టే రోజంతా ఊహించుకుంటూ ఉండడం. ప్రొపేన్ గాలికన్నా బరువు. పొగలా పైకి పోదు. కిందికి దిగి నేల మీద దుప్పటిలా పరుచుకుంటుంది, మూలలు వెతుక్కుంటుంది, పల్లం దొరికితే అక్కడే పడుకుంటుంది. ఎక్కడో నిప్పురవ్వ తగిలేదాకా హాయిగా పడుకునే ఉంటుంది. కొన్నేళ్లకు నాకు ఈ ఊహ ఎంత అలవాటైందంటే, ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు నేల చూసేవాణ్ణి. ఒక పెళ్లికి వెళ్లొచ్చాక పెళ్లికూతురు ఎలా ఉందని మా ఆవిడ ఫోన్‌లో అడిగితే, మండపం గడప జానెడు ఎత్తుందని చెప్పాను.

ముక్కు

మొదటి మూడేళ్లు ఇబ్రిలో బిల్డింగ్ సైట్ మీద సిమెంటు మోశాను. కూలీల క్యాంపులో మా జగిత్యాల దిక్కువాళ్లమే పదిమందిమి. ఒక మధ్యాహ్నం వంటగదిలో గ్యాస్ వదులుతోందని మూడు గదుల అవతల పడుకున్న నేను కనిపెట్టాను. ఆ కథ చెప్పినప్పుడల్లా గదులు పెరుగుతూ వచ్చాయి, ఇప్పటికి పదకొండయ్యాయి. ఎక్కడో కొండల అవతల అల్ సువైక్ ఖర్జూరం తోటలో మూత వదులైన సిలిండర్‌ను ఇబ్రిలో కూర్చుని పసిగట్టానని కూడా కొందరికి చెప్పాను. ఈ ముక్కు పేరు అంతటా పాకి, చివరికి అమెరాత్ గ్యారేజీలో ఉద్యోగం తెచ్చిపెట్టింది.

గ్యారేజీ యజమాని సాలింను అందరం అర్బాబ్ అనేవాళ్లం. మంచి మనిషి, తొందర మనిషి. కస్టమర్లు వస్తే నన్ను పిలిచి, "మా లింగా ఉండగా మిషన్ ఎందుకు?" అని మురిసిపోయేవాడు. నేను కళ్లు మూసుకుని బండి చుట్టూ తిరిగి, ముక్కు పైకెత్తి, "తమామ్" అనేవాణ్ణి. అంతా బాగుందని. చప్పట్లు కొట్టినవాళ్లున్నారు.

తమ్ముడూ, ప్రొపేన్‌కు సొంత వాసన లేదు. కుళ్లిన కూరలా కొట్టే ఆ వాసన మనల్ని లేపడానికి కలిపింది. అది లేపుతుంది, నిజమే. కాని జలుబు చేస్తే ముక్కు సెలవు పెడుతుంది. అదే వాసనలో చాలాసేపు కూర్చుంటే అలవాటుపడి ఊరుకుంటుంది. ఇంకో గట్టి వాసన ఎదురైతే దానివెంట పోతుంది. ఈ మూడోది నాకు ఎవరూ చెప్పలేదు.

ఉస్తాద్ బకెట్

నాకు పని నేర్పింది ఒక బలూచీ ఉస్తాద్. సన్నగా, గడ్డం మాత్రమే బరువున్న మనిషి. ఆయన మొదటిరోజే, "గ్యాస్ కో పానీ సమఝ్, లింగా. హవా మత్ సమఝ్" అన్నాడు. నీళ్లనుకో, గాలనుకోకు.

మాటతో వదల్లేదు. బండి సిద్ధమయ్యాక బకెట్ నీళ్లు తెచ్చి సిలిండర్ డబ్బాలో కుమ్మరించేవాడు. డబ్బా అడుగున ఉన్న కన్నంలోంచి ఆ నీళ్లు బయట నేల మీద పడాలి; బండి లోపలికి ఒక్క చుక్క రాకూడదు. తర్వాత పొయ్యి కింద అల్మరాలో ఒక గ్లాసు పోసేవాడు. అక్కడ కూడా నేలకు ఒక కన్నం ఉంటుంది, ఎప్పుడైనా పైపు వదిలితే గ్యాస్ దిగి పోవడానికి. నీళ్లు ఎటు పోతే రేపు గ్యాస్ అటు పోతుంది. ఆయన పరీక్ష అంతే. పుస్తకాల్లో నేను చూడలేదు. ఇరవై ఏళ్లలో దానికన్నా మంచిది కూడా చూడలేదు.

ఆ తర్వాత సబ్బు నీళ్లు. గ్యాస్ తెరిచి, ప్రతి జాయింట్‌కూ బ్రష్‌తో నురగ పూసి, దాని ముందు గొంతుక్కూర్చునేవాడు. నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. అమెరాత్ కొండలు మా వెనక గోడదాకా వచ్చి ఆగుతాయి. సాయంత్రం వాటి ఎరుపు నురగలో దిగేది. ఒక్కో బుడగలో తలకిందులైన కొండ, తలకిందులైన వ్యాన్, తలకిందులైన మేమిద్దరం. చూస్తూ చూస్తూ నేను ఆ బుడగలోనే కాపురం ఉన్నట్టు అనిపించేది.

"ఇంకెంతసేపు, ఉస్తాద్?"

"బుడగ ఉబ్బేదాకా."

"ఉబ్బకపోతే?"

"ఉబ్బకపోవడం చూడ్డానికే కదా కూర్చున్నది."

లీకు కోసం అగ్గిపుల్ల గీసి వెతికే మొనగాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు లీకు తప్పకుండా కనిపెడతారు. ఎక్కడుందో వచ్చి మనకు చెప్పలేరు, అంతే తేడా.

ఉస్తాద్ దగ్గరే ఇంకో పాఠం, అది నిద్రలో నేర్చుకున్నాను. చలికాలం జెబెల్ షమ్స్ కొండ మీదికి ఒక కొత్త బండిని ఇద్దరం పరీక్షకు తీసుకెళ్లాం. పొద్దున టీ కాచాక వేళ్లు కొంకర్లు పోతున్నాయని, ఉస్తాద్ బయట నమాజుకు దిగినప్పుడు నేను పొయ్యి అలాగే వదిలి తలుపు వేసుకున్నాను. ఎంత మంచి కల వచ్చిందో చెప్పలేను. మా పొలంలోకి వరద కాలువ నీళ్లు గోరువెచ్చగా వస్తున్నాయి, నేను వాటిమీద వెల్లకిలా తేలుతున్నాను, ఎవరో తల నిమురుతున్నారు. ఉస్తాద్ తలుపు తన్ని, నన్ను కాలు పట్టుకుని రాళ్లమీదికి లాగాడు. మూసిన బండిలో మంట మండితే పుట్టే విషానికి వాసన లేదు, దగ్గు లేదు. నిద్ర ఒక్కటే ఉంది. పొయ్యి వంటకు. చలికి దుప్పటి. వండేటప్పుడు కిటికీ తెరిచి ఉండాలి, ఎంత చలైనా. ఉస్తాద్ ఆ రోజు నన్ను తిట్టలేదు. దారంతా నా వైపు కిటికీ దించి బండి నడిపాడు. తిడితే బాగుండేది.

ఆయన ముసలితనం వచ్చి తన ఊరికి వెళ్లిపోయాక బకెట్ నా చేతికి వచ్చింది. కొన్నాళ్లు పోశాను. తర్వాత నీళ్లు ఎటు పోతాయో నాకు తెలుసు కదా అని మానేశాను. ముక్కు ఉంది కదా అనుకున్నాను.

ఆ గురువారం

ఆరేళ్ల కిందట, చలికాలం సీజన్. అల్ సువైక్‌లో ఖర్జూరం తోటలున్న అబూ హమద్ మా దగ్గర కొన్న వ్యాన్‌ను సర్వీసుకు తెచ్చాడు. ఇంటిల్లిపాదీ మరో మూడు బండ్లలో వచ్చారు, ఇటునుంచి ఇటే బిదియా ఇసుక దిబ్బల్లోకి రెండు రోజుల క్యాంపుకు. పోయినసారి పొయ్యి కింది కన్నంలోంచి ఇసుక లేచి అన్నమంతా కరకరలాడిందని ఆయన గొడవ.

"ఇసుక రాకూడదు. ఏదో ఒకటి చెయ్యి, లింగా" అన్నాడు అర్బాబ్.

చేశాను. స్పాంజి ముక్క కోసి, కన్నంలోకి కిందినుంచి గట్టిగా దూర్చి, దాని మీద టేపు వేశాను. బండి ఆపగానే తీసేయండని నా వచ్చీరాని అరబీలో చెప్పాను. అబూ హమద్ డేరా గుంజలు లెక్కపెట్టుకుంటూ తలూపాడు. ఆ తలూపడం చూసి నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. తమ్ముడూ, ఏ కస్టమర్ అడిగినా, ఎంత పెద్దవాడు అడిగినా, ఆ కన్నం మూయకు. ఇసుక రాకుండా కిందినుంచి రేకు గొడుగు, సన్న జాలీ బిగించవచ్చు. ఒక పూట పని. ఆ పూట నేను మిగుల్చుకున్నాను.

పొయ్యి రబ్బరు గొట్టం ఎండకు బిరుసెక్కి పగుళ్లు తేలింది. కొత్తది వేస్తున్నాను. అప్పుడు సామాన్లు ఎక్కిస్తున్న ఒకామె తొంగి చూసింది.

"అన్నా, నువ్వు తెలుగోడివా? మొగం జూస్తానే అనుకున్యా."

"జగిత్యాల దిక్కు. నీదే ఊరు చెల్లె?"

"రాయచోటి పక్కన. పేరు రమణమ్మ. ఈళ్లింట్లో ఆరేండ్లాయ చేరి. ఈ పొయ్యి సరింగా ఎలుగుతాదా? ఎలక్కపోతే ఎడార్లో అందురూ నన్ను గదా తినేది."

"నేను బిగించిన పొయ్యి. తుఫానుల గూడ ఆరదు."

"అబ్బో, ఏం జెప్తివి! నీ నెంబరియ్యి. ఆరిపోతే నిన్ను తిట్టేదానికి గావాల."

నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం. అంతలో అబూ హమద్ తల్లి వచ్చింది. ప్రయాణానికి ముందు లుబాన్ పొగ పట్టడం వాళ్ల పద్ధతి. మన సాంబ్రాణి లాంటిదే, ఇంకా తియ్యగా ఉంటుంది. మట్టి ధూపదానిలో నిప్పుల మీద లుబాన్ వేసి, బండి చుట్టూ తిప్పి, లోపల పరదాలకు, బొంతలకు, దిండ్లకు పట్టించింది. సిలిండర్ అప్పటికి ఇంకా బిగించలేదు కాబట్టి నేను వద్దనలేదు. ఆ తెల్లటి పొగలో మోకాళ్ల మీద కూర్చుని పని చేస్తుంటే మేఘంలో ఉన్నట్టుంది. నిప్పులు దూరంగా తీసుకుపోయాక సిలిండర్ పెట్టి తెరిచాను. బయట అందరూ "ఖలాస్? ఖలాస్?" అని తొందరపెడుతున్నారు. సబ్బు నీళ్ల సీసా షెడ్డుకు అవతలి చివర ఉంది. లేచి వెళ్లడానికి మోకాళ్లు బద్ధకించాయి. అల్మరాలోకి తల పెట్టి గట్టిగా పీల్చాను. అడవంత లుబాన్.

"తమామ్" అన్నాను. సిలిండర్ మూసేశాను. వెళ్లిపోయారు.

చొక్కా జేబు

శుక్రవారం సెలవు. రూమ్ బయట బట్టలు ఉతుక్కుంటున్నాను. పని చొక్కా బకెట్‌లో ముంచగానే లుబాన్ వాసన గుప్పుమంది. బాగుందని ముఖం దగ్గరికి తెచ్చుకున్నాను. జేబులో ఏదో గట్టిగా తగిలింది. గొట్టానికి వేసే క్లిప్పు.

ఒక్కో బండికి నాలుగు క్లిప్పులు. పని మొదలుపెట్టేముందు నాలుగూ లెక్కపెట్టి జేబులో వేసుకోవడం, అయ్యాక ఖాళీ జేబు తట్టుకోవడం నా పద్ధతి. గురువారం తట్టుకోలేదు. అంటే పొయ్యి కింద ఎక్కడో ఒకచోట గొట్టం ఊరికే తొడిగి ఉంది, బిగింపు లేదు. గ్యారేజీలో నిలబడ్డ బండిలో అది కొంచెమే వదిలి ఉంటుంది. దిబ్బలమీద ఎగిరెగిరి పడే బండిలో అంగుళం అంగుళం జారుతుంది. సబ్బు నురగైతే ఒక్క నిమిషంలో చెప్పేది. నా ముక్కు లుబాన్ వెంట పోయింది. కింద కన్నమేమో నేనే మూశాను.

అబూ హమద్ ఫోన్ మోగలేదు. రమణమ్మ ఫోన్ మోగలేదు. మెసేజ్ పెడితే ఒక్క టిక్కే పడింది, అందలేదని. అర్బాబ్‌కు చేశాను. ఆయన మసీదుకు బయల్దేరుతున్నాడు.

"అర్బాబ్, అనా గల్తాన్. తప్పు నాది" అన్నాను. మొత్తం చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న వేశాడు: "ఎక్కడున్నావ్?" పది నిమిషాల్లో ఆయన జీపు మా రూమ్ ముందుంది. అత్యవసర నంబర్‌కు ముందు ఫోన్ చేయాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. అదీ తప్పే. మీకు తోచాలని రాస్తున్నాను.

దిబ్బ మీది ఫోన్

బిదియాకు రెండున్నర గంటల దారి. అర్బాబ్‌కు వాళ్లు డేరా వేసే చోటు తెలుసు, ఏటా అక్కడికే. రోడ్డు మీద దూరంగా నీళ్లు మెరుస్తాయి, దగ్గరికి వెళ్తే ఉండవు, మళ్లీ దూరంగా ఉంటాయి. ఆ నీళ్లలో వ్యాన్‌లు తేలుతున్నట్టు, ఒక్కోటీ తెల్లగా, తలుపులు మూసుకుని. నేను కన్ను ఆర్పకుండా రమణమ్మ నంబర్ నొక్కుతూనే ఉన్నాను.

మధ్యలో అర్బాబ్ మెల్లగా హిందీలో అన్నాడు: "కొత్త గొట్టంలోనే లోపముందని చెబుదాం, లింగా. కుదుపులకు పగిలిందని. ఎవరూ అడగరు."

ఆ మాట నాకు అమెరాత్ దాటకముందే తోచింది.

మూడు దాటాక వచ్చే అసర్ నమాజు వేళ దగ్గరపడింది. దిబ్బల అంచు కనిపిస్తుండగా నా ఫోనే మోగింది. స్పీకర్ పెట్టాను.

"ఏందన్నా, ఇన్ని కాల్సు? పెండ్లి సంబందమేమన్నా తెచ్చినావా?"

"రమణమ్మా, ఏడున్నవ్?"

"ఇసక దిబ్బ మింద. కిందికిబోతే సిగ్నల్ రాదు. మా పాపకు వాయిస్ పంపిద్దామని ఎక్కినా."

"ఇయ్యాల పొయ్యి ముట్టిచ్చినవా?"

"పొద్దున పిలకాయలకు పాలు కాంచినా. మద్యాన్నం వంటంతా బయట కట్టెల మిందనే. ఇప్పుడు పోయి టీ పెట్టల్ల."

"పాలు కాంచినంక సిలిండర్ బంద్ చేసినవా?"

"పొయ్యి ఆపినా గదా. సిలిండర్ సారే తెరిచి పెట్టినాడు, అది గూడా ఆపల్లనా?"

నేను ఆ సంగతి ఆమెకు చెప్పనే లేదు. "లోపల వాసనేమన్న వస్తున్నదా చెల్లె?"

"వస్తాంది. ఎలక చచ్చినట్ల. చెత్తబుట్ట గూడా బయట పారేసినా. అవ్వకు గూడా తగిల్నాది. అందుకే లుబాన్ పొగేద్దామని బొగ్గులు రాజేస్తాంది."

"ఏడ?"

"డేరా కాడ. రాజేసినంక బండ్లోకి తీస్కపోతాది. పిలకాయలిద్దురూ ఆడే పండుకోనుండారు, పై మంచం మింద."

అర్బాబ్‌కు తెలుగు రాదు. నా ముఖం చూసి యాక్సిలరేటర్ మీద నిలబడ్డాడు.

"రమణమ్మా, నేను చెప్పేది విను. అది ఎలుక గాదు, గ్యాసు. బండిల నేలంత నిండి ఉన్నది. ముందు ముసలమ్మ చేతుల నిప్పు ఆపు. బండి కాడికి రానియ్యకు. తర్వాత అన్ని తలుపులు తెరిచి పిల్లల్ని బయటికి తియ్యి. ఏ స్విచ్చూ ముట్టకు, వెయ్యకు, తియ్యకు. బయట డబ్బాల సిలిండర్ మీద చక్రం ఉంటది, కుడివైపు తిప్పి మూసెయ్. అందర్ని గాలి వచ్చే దిక్కుకు తీస్కపో. ఫోన్ గా దిబ్బ మీదనే పెట్టు. తీస్కపోకు."

"అవ్వ చేతిలోది నేనెట్ల గుంజుకుంటా అన్నా? ఆయమ్మ ముందర నేను గట్టిగా మాట్లాడింది ల్యా. ఊరికి పంపించేస్తారు."

"పంపిస్తే నేను జవాబు చెప్త. ఉరుకు."

ఫోన్ ఇసుకలో పడ్డ చప్పుడు. తర్వాత గాలి.

నేను చెప్పిన కథలన్నిట్లో ఎడారి ఏదో ఒకటి మాట్లాడేది. ఆ రోజు ఫోన్‌లో మాట్లాడలేదు. ఇసుక ఫోన్ మీద రాలుతున్న సన్నటి చప్పుడు, ఎవరో పక్కగదిలో బియ్యం చెరుగుతున్నట్టు. అర్బాబ్ ఇంజిన్ హోరు తగ్గించాడు, వినడానికి. మా ఇద్దరి కళ్లూ ఆకాశం అంచు మీదే ఉన్నాయి. అక్కడ ఏమీ లేవకూడదు. పొగ లేవకూడదు, వెలుగు లేవకూడదు. ఆకాశం పాల రంగులో, నిద్రపోతున్న పాపలా ఉంది. అంతసేపు ఆకాశాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఎంతసేపో చెప్పమంటే ఎక్కువ చెబుతాను కాబట్టి చెప్పను.

"అన్నా."

ఊపిరి అందడం లేదు ఆమెకు.

"పిలకాయలు బయటికొచ్చినారు. చక్రం మూసినా. నిప్పులు ఇసకలో తొక్కినా. అవ్వ ధూపదాని పగిలిపాయ. పెండ్లినాటి దంట అది. నన్ను కొట్టేదానికొచ్చినాది. నువ్వు యాడుండావో బెరీన రా, అన్నా. ఇక్కడ నా మాట వొకరు గూడా నమ్మడం ల్యా."

గాలి వచ్చే దిక్కున

మేం చేరేసరికి వ్యాన్ తలుపులన్నీ తెరుచుకుని ఒంటరిగా ఉంది. ఇంటిల్లిపాదీ గాలి వచ్చే దిక్కున, దిబ్బ వాలులో. పిల్లలు నిద్ర చెడి చిరచిరలాడుతున్నారు. రమణమ్మ అందరికీ దూరంగా నిలబడి ఉంది, చీర కుచ్చిళ్లకు బొగ్గు మసి. ముసలమ్మ పగిలిన మట్టి ముక్కలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అబూ హమద్ ఎదురొచ్చి అర్బాబ్‌తో అరబీలో గబగబా చెబుతున్నాడు. నాకు అర్థమైనంత వరకు: ఈ మనిషికి మతి చెడింది, మా అమ్మ మీద చెయ్యి వేసింది, రేపే టికెట్ తీస్తాను.

నేను ముందు పని చేశాను. బండి కిందికి పాకి, టేపు చింపి, స్పాంజి లాగేశాను. కన్నం కింద ఇసుక కదిలిందని చెబితే బాగుండేది. కదల్లేదు. ఏమీ కనపడలేదు. కుళ్లిన వాసన మాత్రం ముఖం మీదికి వచ్చింది, చల్లగా. పాకి బయటికొచ్చి వాళ్ల దగ్గరికి నడిచాను.

అర్బాబ్ నా వైపు చూస్తున్నాడు. గొట్టంలోనే లోపమని చెప్పడానికి నాలుగు అరబీ మాటలు చాలు, అవి నాకు వచ్చు. చెబితే నా ఉద్యోగం ఉంటుంది. గొట్టంలో చిన్న పగులేనంటే రమణమ్మ చిన్నదానికి పెద్ద రచ్చ చేసిన మనిషిగా మిగులుతుంది, మహా అయితే క్షమిస్తారు. నేను జేబులోంచి క్లిప్పు తీసి అరచేతిలో పెట్టి, ముసలమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. బండి వైపు చూపించాను. క్లిప్పు చూపించాను. నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. "అనా. నేను బిగించలేదు. నేను కన్నం మూశాను. ఆమె మీ పిల్లల్ని కాపాడింది. మీరు ఆ నిప్పులతో ఒక్క అడుగు లోపల పెట్టి ఉంటే..." ఆపైన అరబీ రాలేదు. చేతులతో చూపించాను.

అప్పుడు అర్బాబ్ నా పక్కన వచ్చి ఇసుకలో కూర్చున్నాడు. "కన్నం మూయమన్నది నేను" అన్నాడు అబూ హమద్‌తో. "అడిగింది నువ్వు."

అబూ హమద్ చాలాసేపు వ్యాన్ వైపు చూశాడు. తర్వాత పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుని, వాళ్ల తలలు వాసన చూశాడు, ఎందుకో.

రమణమ్మ నా దగ్గరికి వచ్చింది. "తుఫాన్లో గూడా ఆరదంటివే నీ పొయ్యి? చూసినావా, నిజింగానే ఆరేది గాదు." నవ్వబోయి, ముఖం చీరచెంగులో దాచుకుంది. నేను నేల చూశాను.

నా ఉద్యోగం పోలేదు. ఎందుకు పోలేదో అర్బాబ్ చెప్పలేదు, నేను అడగలేదు. ఆ వారంలోనే గ్యారేజీలో ప్రతి బండికీ గ్యాస్ అలారం పెట్టడం మొదలైంది, నేలకు జానెడు ఎత్తులో, గ్యాస్ పడుకునే చోట. మంట విషానికి ఇంకొకటి, మనిషి తల ఉండే ఎత్తులో. బండి కదిలినా, వంట అయినా సిలిండర్ మూయాలని వంట చేసే మనిషికే చెప్పి, ఆమె చేతనే చక్రం తిప్పించి చూడడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. బండి కొన్నవాడికి చెబితే చాలదు. ఎడారిలో అతను టీ పెట్టడు.

ఆ సాయంత్రానికి వస్తాను. ఇంకా చీకటి పడలేదు. గాలి మెత్తగా వీస్తోంది. బండిలోకి ఎవరూ వెళ్లకూడదని చెప్పాను. రమణమ్మ బండికి దూరంగా, గాలి వచ్చే దిక్కున మళ్లీ కట్టెలు రాజేసి టీ పెట్టింది. ముసలమ్మ తన పక్కన ఇసుకను అరచేత్తో చదును చేసి, రమణమ్మ వైపు చూసి, రెండుసార్లు తట్టింది. రమణమ్మ గ్లాసులన్నీ పంచి, ఎటూ తోచనట్టు కాసేపు నిలబడి, వచ్చి కూర్చుంది. అందరం ఒకే వైపు చూస్తున్నాం. దిబ్బల నీడలు మెల్లగా జరుగుతున్నాయి. మధ్యలో తెల్ల వ్యాన్, రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్న పక్షిలా. దానిలోంచి ఏదో ఒకటి దిగి, ఇసుక మీద పాకి, పల్లం వెంట వెళ్లిపోతూ ఉండాలి. ఏమీ కనపడడం లేదు.

"రాహ్?" అని అడిగింది ముసలమ్మ నన్ను. పోయిందా?

చెప్పడానికి నా దగ్గర ఎన్నో ఉన్నాయి. అది ఇప్పుడే మూడో దిబ్బ దాటిందని చెప్పవచ్చు, సముద్రం దారి పట్టిందని చెప్పవచ్చు, వింటారు.

"తెలియదమ్మా" అన్నాను. "ఇంకాసేపు కూర్చుందాం."